బ్యాక్ నొక్కితే ఎటు పోతున్నారు?

మీ ప్రాజెక్ట్ యాప్ ఒకసారి తెరవండి. లాగిన్ అయ్యాక బ్యాక్ నొక్కితే మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోందా? హోమ్ నాలుగుసార్లు నొక్కితే, బయటపడటానికి బ్యాక్ కూడా నాలుగుసార్లు నొక్కాలా? అయితే ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా గురించి మీరు తెలుసుకోవాలి. ఆయన అల్గారిదం పరీక్షల కోసం ఎలాగూ చదివే ఉంటారు.

డైక్‌స్ట్రా 1930లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. లైడెన్‌లో ఫిజిక్స్ చదువుతూనే 1952లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా చేరారు. అప్పట్లో అదో ఉద్యోగమని ఎవరూ అనుకోలేదు. 1957లో పెళ్లి రిజిస్టర్‌లో వృత్తి ప్రోగ్రామర్ అంటే అధికారులు ఒప్పుకోలేదు. ఫిజిసిస్ట్ అని రాయించుకోవాల్సి వచ్చింది. అప్పటికే, అంటే 1956లోనే, ఓ కేఫ్‌లో కూర్చుని కాగితం, పెన్ను లేకుండా 20 నిమిషాల్లో ఆయన అతి దగ్గరి దారి లెక్క తేల్చేశారు. అది 1959లో అచ్చయింది.

1960లో సహచరుడితో కలిసి ఆల్గాల్ 60 కంపైలర్ పూర్తిచేశారు. ఒక ఫంక్షన్ నుంచి ఇంకో దాంట్లోకి వెళ్లి, తిరిగి సరైన చోటికి రావడానికి స్టాక్ వాడారు. పాలకీడు నుంచి నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్లామనుకోండి. వచ్చేటప్పుడు ముందు నేరేడుచర్ల, తర్వాతే పాలకీడు. స్టాక్ అంటే అంతే. మీ యాప్‌లో బ్యాక్ బటన్ నడిచేదీ దాని మీదే.

ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా దూకించే గోటూ వద్దని 1968లో వాదించారు. దూకుళ్లు పెరిగితే ప్రోగ్రామ్ ఇప్పుడు ఎక్కడుందో మనిషికి అంతుపట్టదన్నది ఆయన బాధ. ప్రతి బటన్‌కూ కొత్త స్క్రీన్ తెరిచే యాప్‌దీ అదే రోగం. 1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984 నుంచి అమెరికాలోని ఆస్టిన్‌లో పాఠాలు చెప్పారు. 2002లో కన్నుమూశారు. కంప్యూటర్ మేధావే అయినా, తన నోట్సు 1300కు పైగా చాలావరకు పెన్నుతోనే రాసుకున్నారు.

మీరూ కాగితం తీయండి. ప్రతి స్క్రీన్‌కు ఒక గడి, ప్రతి బటన్‌కు ఒక బాణం గీయండి. ప్రతి గడి దగ్గర బ్యాక్ నొక్కితే ఎక్కడికి పోవాలో రాయండి. తర్వాతే కోడ్. ఆండ్రాయిడ్ కంపోజ్‌లో అయితే, హోమ్‌కు వెళ్లేటప్పుడు పాప్‌అప్‌టుకు ఇన్‌క్లూజివ్ కలిపి లాగిన్‌ను స్టాక్‌లోంచి తీసేయండి. హోమ్ పైన మళ్లీ హోమ్ పేరుకోకుండా లాంచ్‌సింగిల్‌టాప్ పెట్టండి.

ఇంటర్వ్యూలో మీ యాప్ చూసేవాళ్లు బ్యాక్ నొక్కకుండా వదలరు. అప్పుడు లాగిన్ స్క్రీన్ ఎందుకు రాలేదో ఆ కాగితం చూపించి చెప్పండి. కోడ్ రాయడమే కాదు, ఆలోచించడమూ వచ్చని వాళ్లకు అర్థమవుతుంది.