వినయశీలి మన్రో దొర

పాలితులను అల్పులుగా చూడటమే పాలకుని అహంకారానికి తొలి లక్షణం. 1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురం కేంద్రంగా ఏడేళ్లు పాలించిన థామస్ మన్రో క్రైస్తవుడైనా ఆ దోషానికి లోనుకాలేదు. గుడారాలలో బస చేస్తూ, ఊరూరా తిరిగి రైతుల మొర ఆలకించారు. మంత్రాలయంలో టోపీ, పాదరక్షలు విడిచి బృందావనం ఎదుట నిలిచిన ఆయనకు శ్రీరాఘవేంద్రస్వామి దర్శనమిచ్చారని భక్తుల విశ్వాసం. 1813లో బ్రిటిషు పార్లమెంటు ఎదుట, నాగరికతే సరుకైతే భారతదేశం నుండి దిగుమతి వలన తన దేశమే లాభపడుతుందన్నారు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక కూడా ఈ కరవుసీమను మరువలేదు. వీడ్కోలు చెప్పవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. సీమవాసులు తమ బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నారు. పదవి ఇచ్చిన గౌరవం పదవితోనే పోతుంది. వినయం తెచ్చిన గౌరవం తరతరాలు నిలుస్తుంది.