మోకాలి లోపలికి చూసిన డాక్టర్ తకాగి

ఇంటర్‌లో కబడ్డీ ఆడుతూ పడ్డాను. గంటలోనే మోకాలు ఉబ్బింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది కదా అని నూనె రాసి మర్దన చేశాం, మా తెలివి అంతే! అంత త్వరగా ఉబ్బితే లోపల రక్తం చేరిందేమోనని అనుమానించాలి. తిరుపతిలో ఎమ్మారై తీశాకే లిగమెంటు తెగిందని తెలిసింది.

స్కానింగులు లేని కాలంలో మోకాలి లోపలికి కంటితోనే చూడాలని తపించిన జపాన్ వైద్యుడు డాక్టర్ కెంజి తకాగి. 1888లో జన్మించారు. అప్పట్లో క్షయ సోకి మోకాళ్ళు బిగుసుకుపోయేవి. మన పంక్తి భోజనాల్లాగే నేలమీద కూర్చునే ఆ దేశంలో కాలు మడవలేకపోతే బతుకే కష్టం. జబ్బును ముందే పసిగట్టాలని 1918లో టోక్యోలో, మూత్రాశయాన్ని చూసే గొట్టాన్ని ఒక మృతదేహం మోకాలిలోకి పంపి చూశారు. 1931కి 3.5 మిల్లీమీటర్ల ఆర్థ్రోస్కోప్ సిద్ధం చేశారు. ఆయన శిష్యుడు వతనబే 1962లో ఆర్థ్రోస్కోప్‌తో చూస్తూనే చిరిగిన మెనిస్కస్ ముక్కను తొలగించారు. తకాగి ఆ మరుసటి ఏడాదే కన్నుమూశారు.