క్రీడాతపస్వి జిమ్మీ జార్జ్

పాఠ్యభాగ ఉద్దేశం

జట్టు ఎంపిక ఒక్కనాటి ఉదయాన ముగిసే పరీక్షగా పైకి కనిపిస్తుంది. కాని ఆ ఉదయానికి వెనుక అనేక సంవత్సరాల సాధన ఉంటుంది. పదహారేండ్ల ప్రాయంలోనే రాష్ట్ర జట్టుకు ఎంపికై, భారత వాలీబాల్ క్రీడకు ప్రపంచ పటంలో స్థానం కల్పించిన ఒక యువకుని జీవితం ద్వారా సాధన విలువను విద్యార్థులు గ్రహించేటట్లు చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విద్యాసంవత్సరం ఆరంభమైన కొన్ని వారాలకు కళాశాల ప్రకటన ఫలకం మీద ఒక కాగితం వెలుస్తుంది. ఫలానా రోజు ఉదయం వాలీబాల్ జట్టు ఎంపిక జరుగుతుందని, ఆసక్తి గలవారు మైదానానికి రావలసినదని ఆ కాగితం తెలుపుతుంది. అది చదివిన నాటి నుండి కొందరు విద్యార్థుల గుండెలు వేగంగా కొట్టుకుంటాయి. వచ్చేవారు నలభై మంది, కావలసినవారు పన్నెండు మంది. మిగిలిన ఇరవై ఎనిమిది మంది తలలు వంచుకొని తరగతి గదులకు తిరిగి రావలసినదే. అందువలననే ఎంపికకు సిద్ధపడడం ఎట్లా అన్న ప్రశ్న ప్రతి తరంలోను యువకులను వేధిస్తూనే ఉంటుంది. ఈ ప్రశ్నకు సమాధానంగా నిలువదగిన జీవితం జిమ్మీ జార్జ్‌ది.

వాలీబాల్ క్రీడ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన హోల్యోక్ పట్టణంలో 1895లో పుట్టింది. విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు దీనికి రూపకల్పన చేశాడు. మన దేశానికి వచ్చిన తరువాత ఈ ఆట నగరాల క్లబ్బులను దాటి పల్లెలకు పాకింది. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి, కాస్త చదునైన నేల ఉంటే చాలు, ఆట సాగుతుంది. సంక్రాంతి పండుగ దినాలలో మన తెలుగు పల్లెలలో సాగే వాలీబాల్ పోటీలను ఎరుగని వారు అరుదు. కేరళలో ఈ ఆటకు గల ఆదరణ మరింత గొప్పది. ముఖ్యంగా ఉత్తర కేరళలోని మలబారు ప్రాంతం ఎందరో వాలీబాల్ క్రీడాకారులకు పుట్టినిల్లు.

ఆ మలబారులో, కన్నూరు జిల్లాలో, పడమటి కనుమలకు చేరువలో పేరావూరు అనే ఊరు ఉంది. 1955 మార్చి 8వ తేదీన జార్జ్ జోసెఫ్, మేరీ దంపతులకు జిమ్మీ అక్కడ జన్మించాడు. ఆ దంపతుల ఎనిమిది మంది కుమారులలో ఇతడు రెండవవాడు. తండ్రి వృత్తిరీత్యా న్యాయవాది. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ స్థాయిలో వాలీబాల్ ఆడినవాడు. తాను నేర్చిన విద్యను కుమారులకు ఆస్తిగా పంచిపెట్టాడు. జిమ్మీకి బంతిని చేతికిచ్చి తొలి పాఠం నేర్పిన గురువు తండ్రే.

వాలీబాల్ జట్టుకు మైదానంలో కావలసినవారు ఆరుగురు. జార్జ్ జోసెఫ్ ఇంట ఉన్న కుమారులు ఎనిమిది మంది. అనగా ఒక పూర్తి జట్టు, దానిపై మరి ఇద్దరు అదనపు ఆటగాళ్లు ఒక్క ఇంటిలోనే ఉన్నారు. ఈ అన్నదమ్ములు జార్జ్ సోదరులన్న పేరుతో కేరళ అంతటా ప్రసిద్ధి పొందారు. ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. బంతిని ఎత్తి ఇచ్చేవాడు అన్న, ఎదుట నిలిచి అడ్డుకొనేవాడు తమ్ముడు, తప్పు దిద్దేవాడు తండ్రి. అటువంటి ఇంట సాధనకు వేరే ముహూర్తం అక్కరలేదు. నిత్యజీవితమే సాధనగా మారుతుంది. ఎంపిక ప్రకటన వెలువడిన తరువాత మేల్కొని వారం రోజులు పరుగెత్తేవానికి, బాల్యం నుండి బంతితో చెలిమి చేసినవానికి ఉన్న అంతరం ఇదే.

వాలీబాల్ మైదానం 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కలిగి ఉంటుంది. పురుషుల ఆటలో వల ఎత్తు 2.43 మీటర్లు. నేల మీద నిలిచి చేయి చాచినంత మాత్రాన దాని మీదుగా బంతిని బలంగా కొట్టడం సాధ్యం కాదు. మూడు నాలుగు అడుగుల పరుగు తీసి, రెండు పాదాలను నేలకు గట్టిగా తాటించి, చేతులను వెనుక నుండి పైకి విసరి, ఆ ఊపుతో దేహాన్ని గాలిలోకి లేపి, బంతి సరియైన ఎత్తులో ఉన్న క్షణాననే కొట్టాలి. దీనినే స్మాష్ అంటారు. ఒక్క అడుగు ముందు వెనుకలైనా, ఒక్క లిప్త ఆలస్యమైనా బంతి వలకు తగులుతుంది, లేదా గీత దాటిపోతుంది.

జిమ్మీ జార్జ్ కీర్తికి మూలమైనది ఈ స్మాషే. అతడు గాలిలోకి లేచి ఒక్క క్షణం అక్కడనే నిలిచిపోయినట్లు ప్రేక్షకులకు తోచేదట. నిజానికి గాలిలో నిలిచిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. భూమ్యాకర్షణ అందరికీ ఒక్కటే. అయినా ఈ భ్రాంతికి భౌతికశాస్త్రంలో కారణం ఉన్నది. అర మీటరు ఎత్తు ఎగిరినవాడు గాలిలో సుమారు 0.64 సెకన్లు ఉంటాడు. ఒక మీటరు ఎగరగలిగితే ఆ కాలం సుమారు 0.90 సెకన్లకు పెరుగుతుంది. ఇంతేకాదు, ఎగిరిన మొత్తం కాలంలో సగభాగం పై నాలుగవ వంతు ఎత్తులోనే గడుస్తుంది. కావున ఎక్కువ ఎత్తు ఎగిరేవాడు శిఖరం వద్ద ఎక్కువసేపు నిలిచినట్లు కనిపిస్తాడు. ఎదుటివారు అడ్డుకొనడానికి లేచి, దిగుతున్న సమయంలో అతడు ఇంకా పైననే ఉంటాడు. బంతిని ఎటు కొట్టవలెనో నిర్ణయించుకొనడానికి ఆ అర లిప్త చాలు. సెకనులో నాలుగవ వంతు అధికంగా సంపాదించడానికి కాళ్లకు, నడుముకు, భుజాలకు ఏండ్ల తరబడి శిక్షణ కావలసి ఉంటుంది. చూసేవారికి అద్భుతంగా తోచేది చేసేవానికి దీర్ఘకాల పరిశ్రమ ఫలం.

ఆనాటి ఆట నియమాలు నేటి కంటే కఠినమైనవి. సర్వీసు చేసిన జట్టుకు మాత్రమే పాయింటు లభించేది. 15 పాయింట్లకు ఒక సెట్టు. సర్వీసు చేతులు మారుతూ ఉంటే స్కోరు కదలకుండా ఆట చాలాసేపు సాగేది. రక్షణకే ప్రత్యేకించిన లిబెరో అనే ఆటగాడు 1990ల చివరిలో గాని ఆటలో ప్రవేశించలేదు. అందుచేత గొప్ప స్మాషర్ అయినప్పటికీ వెనుక వరుసకు వెళ్లినప్పుడు వంగి సర్వీసు అందుకోవలసినదే, నేల మీద పడి బంతిని లేపవలసినదే. ఒక్క విద్య మాత్రమే నేర్చినవానికి ఆనాటి ఎంపికలో చోటు దొరకడం కష్టం.

అటువంటి కాలంలో 1971లో జిమ్మీ కేరళ రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడు. అప్పటికి అతని వయస్సు పదహారేండ్లు. నేడు ఈ పాఠం చదువుతున్న విద్యార్థుల వయస్సే అది. అనుభవజ్ఞులైన పెద్దలతో పోటీపడి, వారి నడుమ నిలిచి, వయస్సు కాక ఆట మాట్లాడేటట్లు చేశాడు. తరువాత కేరళ విశ్వవిద్యాలయం జట్టులో చేరి అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో దానికి కీర్తి తెచ్చాడు. పందొమ్మిదవ ఏట, 1974లో, టెహరాన్ ఆసియా క్రీడలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. 1976లో భారత ప్రభుత్వం అర్జున పురస్కారంతో గౌరవించింది. అప్పటికి అతనికి ఇరవై యొక్క సంవత్సరాలు. ఆ సంవత్సరమే కేరళ పోలీసు శాఖలో చేరాడు. 1978లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలోను ఆడాడు.

ఆ రోజులలో మన దేశంలో క్రీడాకారునికి ప్రభుత్వ కొలువు దొరకడమే పరమార్థం. ఉద్యోగం, జీతం, జాతీయ పోటీలు, అప్పుడప్పుడు విదేశీ పర్యటన - ఇంతటితో తృప్తి చెందినవారిని తప్పు పట్టలేము. జిమ్మీకి ఇవన్నీ ఇరవై రెండేండ్లు నిండకుండానే లభించాయి. కాని తన ఆట ఎంతటిదో తేలవలసిన చోటు మరొకటి ఉన్నదని అతడు గ్రహించాడు. 1979లో అబుదాబి స్పోర్ట్స్ క్లబ్బు పక్షాన ఆడడానికి గల్ఫుకు వెళ్లాడు. 1982లో ఇటలీ చేరాడు. ఇటలీ వాలీబాల్ లీగు ప్రపంచంలో అత్యున్నత స్థాయి లీగులలో ఒకటి. వృత్తి క్రీడాకారుడుగా విదేశీ క్లబ్బులకు ఆడిన తొలి భారతీయ వాలీబాల్ ఆటగాడు జిమ్మీయే.

భాష వేరు, తిండి వేరు, చలి వేరు. ఇక్కడి కీర్తి అక్కడ చెల్లదు. అర్జున పురస్కారమంటే ఏమిటో ఎరుగని ప్రేక్షకుల ఎదుట ప్రతి ఆటలోను తన్ను తాను మరల నిరూపించుకోవాలి. అనగా అతనికి ప్రతి దినమూ ఎంపిక దినమే. ట్రెవిసో జట్టుతో ఆరంభించి, కడపట మోంటికియారి పట్టణపు జట్టు వరకు అతడు ఇటలీ మైదానాలలో అభిమానులను సంపాదించుకున్నాడు.

విదేశాలలో ఆడుతున్నా స్వదేశాన్ని మరువలేదు. 1986లో హైదరాబాదులో జరిగిన ఇండియా గోల్డ్ కప్ అంతర్జాతీయ పోటీలలో భారత జట్టుకు నాయకత్వం వహించి తెలుగు ప్రేక్షకులను అలరించాడు. అదే సంవత్సరం సియోల్ ఆసియా క్రీడలకు భారత జట్టు తరలింది. 1958లో కాంస్యం, 1962లో రజతం గెలిచిన భారత పురుషుల జట్టుకు ఆ తరువాత ఆసియా క్రీడలలో పతకం దక్కలేదు. సియోల్‌లో చైనా స్వర్ణాన్ని, ఆతిథ్య దేశమైన దక్షిణ కొరియా రజతాన్ని గెలుచుకున్నాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణం సాధించిన ఘనచరిత్ర గల జపాన్‌ను ఓడించి భారత్ కాంస్యం కైవసం చేసుకుంది. ఇరవై నాలుగేండ్ల నిరీక్షణ ఫలించింది. ఆ జట్టులో జిమ్మీకి సహచరుడుగా ఆడిన తెలుగువాడు పి.వి. రమణ. అనంతర కాలంలో ఒలింపిక్ పతకాలు సాధించిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు ఆయన కుమార్తెయే. సియోల్ అనంతరం 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు భారత పురుషుల వాలీబాల్ జట్టు ఆసియా క్రీడలలో మరొక పతకం గెలవలేదన్న సంగతి ఆ విజయం విలువను తెలుపుతుంది.

ఆ ఆనందం నిండా పదునాలుగు నెలలైనా నిలువలేదు. 1987 నవంబరు 30వ తేదీన ఇటలీలో జరిగిన కారు ప్రమాదంలో జిమ్మీ జార్జ్ కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు ముప్పది రెండేండ్లు మాత్రమే. ఎనిమిది మంది అన్నదమ్ముల జట్టులో ఒక స్థానం శాశ్వతంగా శూన్యమైంది. గాలిని లెక్కచేయక ఎగిరినవాడు నేల మీది దారిలో నేలకొరగడం విధి వైపరీత్యం.

తిరువనంతపురంలోని ఇండోర్ స్టేడియానికి కేరళ ప్రజలు అతని పేరు పెట్టుకున్నారు. అతని పేరిట నెలకొల్పిన పురస్కారం కేరళ క్రీడాకారులకు గర్వకారణమైంది. అంతకంటె విశేషమేమంటే, మోంటికియారి పట్టణంలోని క్రీడామందిరానికి ఇటలీవారు పాలాజార్జ్ అని అతని పేరే పెట్టుకున్నారు. పేరావూరు పల్లెలో బంతి పట్టిన బాలుని పేరు ఐరోపా పట్టణంలో ఒక భవనం మీద నిలవడం సామాన్య విషయం కాదు.

ఇక్కడ మరొక్క విషయం చెప్పుకోవాలి. ఒక్క తండ్రి వద్దనే ఎనిమిది మంది కుమారులు సాధన చేశారు. అందరూ జిమ్మీలు కాలేదు. అంతమాత్రాన వారి సాధన వ్యర్థమైందా? సోదరుడు జోస్ జార్జ్ భారత జట్టుకు ఆడి, పోలీసు అధికారిగా ఉన్నత పదవులు నిర్వహించాడు. మరొక సోదరుడు రాబర్ట్ బాబీ జార్జ్ శిక్షకుడై, తన భార్య అంజు బాబీ జార్జ్‌ను లాంగ్ జంప్ క్రీడలో తీర్చిదిద్దాడు. 2003లో పారిస్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో ఆమె కాంస్య పతకం గెలిచి, ఆ పోటీలలో పతకం సాధించిన తొలి భారత క్రీడాకారిణిగా చరిత్రకెక్కింది. పేరావూరు ఇంట నాటిన విత్తనం మరొక క్రీడలో, మరొక రూపంలో ఫలించిందన్నమాట.

కావున, విద్యార్థులారా, మైదానంలో ఎంపిక జరిగే ఉదయం మిమ్ములను భయపెట్టనక్కరలేదు. ఆనాడు పన్నెండు మంది పేర్లు చదవబడతాయి. వారిలో మీ పేరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ నిర్ణయం ఇతరుల చేతిలోనిది. అంతకు ముందు గడచిన ఉదయాలు మాత్రం మీ చేతిలోనివి. ఎత్తు ఎగరడానికి కాళ్లను, తప్పు అంగీకరించడానికి మనస్సును, తోటివాని తప్పును కప్పి బంతిని లేపడానికి చేతులను సిద్ధం చేసుకున్నవాడు జట్టులో ఉన్నా, గట్టు మీద ఉన్నా క్రీడాకారుడే. జిమ్మీ జార్జ్ జీవితం మనకు అందించే సందేశం ఇదే.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జిమ్మీ జార్జ్ క్రీడాజీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించండి.
2. ఎంపిక ఒక్కరోజు పరీక్ష కాదన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జిమ్మీ గాలిలో నిలిచినట్లు తోచడానికి శాస్త్రీయ కారణమేమి?
2. ప్రభుత్వ కొలువు లభించిన తరువాత జిమ్మీ విదేశాలకు వెళ్లి ఆడడంలోని ఆంతర్యమేమి?
3. సియోల్ ఆసియా క్రీడల విజయం ఎందుకు ప్రత్యేకమైనది?

ఇ) మీ కళాశాలలో ఏదైనా ఒక జట్టు ఎంపికను మీరు చూసినట్లయితే, ఎంపిక కాని మిత్రునికి ధైర్యం చెబుతూ ఒక లేఖ రాయండి.