బాలోద్యాన నిర్మాత ఫ్రోబెల్

తల్లి యొడియే శిశువునకు తొలి బడి యని పెద్దలందురు. ఆ యొడికి నోచుకొనని యొక శిశువు పెరిగి పెద్దవాడై లోకమందలి పసిపాపల కందఱికిని నొక యుద్యానమును గల్పించెను. ఆతడే ఫ్రెడరిక్ ఫ్రోబెల్.

జర్మనీ దేశమున తురింగియా సీమలోని యొక గ్రామమున 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన నీతడు జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. తొమ్మిది నెలల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రికి తీరిక లేదు. సవతితల్లికి తన బిడ్డ కలిగిన పిదప నీ బాలునిపై మక్కువ లేదు. తోటలోని చెట్టుచేమలే యాతనికి తోడునీడలయ్యెను. పదియేండ్ల ప్రాయమున మేనమామ చేరదీసి యాదరించెను.

పదునైదవ యేట నడవి పనులు నేర్వబోయెను. 1799లో యేనా విశ్వవిద్యాలయమున జేరెను గాని, ఋణము తీర్పజాలక కొన్ని వారములు చెఱయందుండెను. అటుపిమ్మట భూములు కొలిచెను, జమాఖర్చులు వ్రాసెను. మావంటి లెక్కలవారి కిది కొంత గర్వకారణమే. 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున నుపాధ్యాయుడయ్యెను. స్విట్జర్లాండున పెస్టలోజీ మహాశయుని బడిలో 1808 మొదలు రెండేండ్లు మెలగెను. నెపోలియనుపై జరిగిన యుద్ధమున 1813లో సైనికుడుగా నిలిచెను. పిదప బెర్లినున ఖనిజశాలలో స్ఫటికములను బరిశీలించుచు, సృష్టియంతయు క్రమబద్ధమైన యాకృతులతో నిండియున్నదని గ్రహించెను.

1816లో అన్నల కుమారు లైదుగురితో బడి నారంభించి, మఱుసటి యేట దానిని కైల్‌హావు గ్రామమునకు మార్చెను. 1837లో బ్లాంకెన్‌బర్గున పసివారికై వేఱొక శాలను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బాలోద్యానము, అని పేరిడెను.

ఆ శాలలోని యాటవస్తువులకు కానుక లని పేరు. మొదటిది ఉన్నితో జేసిన యాఱు రంగుల బంతులు. రెండవది కొయ్యతో జేసిన గోళము, స్థూపము, ఘనము. మూడవది యెనిమిది చిన్న ఘనములుగా విడివడు నొక ఘనము. బాలుడు వానితో కుర్చీ కట్టును, మెట్లు కట్టును, వంతెన కట్టును. మరల నన్నిటిని గూర్చి మొదటి ఘనమును జేయును. అందు సగము, పాతిక, అరపాతిక యనునవి నోటితో వల్లింపకయే చేతికి దెలియును. కాగితము మడచుట, మట్టితో బొమ్మలు చేయుట, అల్లికలు, పాటలు ఉండెను. ప్రతి బాలునకు నొక చిన్న మడియు నుండెను.

ఇట్టి నిరపాయమైన యాటపై రాజాగ్రహము గలిగెను. 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వము బాలోద్యానములను నిషేధించెను. అన్న కుమారుడు కార్ల్ వ్రాసిన వ్రాతలను ఫ్రోబెల్ వ్రాతలుగా భ్రమించి, నాస్తికత్వ దోష మారోపించిరి. వృద్ధుడు మొఱపెట్టుకొన్నను ఫలింపలేదు. 1852 జూన్ 21వ తేదీన, నిషేధ మింకను తొలగకయే, స్వర్గస్థుడయ్యెను. 1860లో నిషేధము తొలగెను. ఆలోగా నాతనికడ శిక్షణ పొందిన స్త్రీలు ఆ విద్యను పరదేశములకు గొనిపోయిరి. ఘనము, దానిపై స్థూపము, దానిపై గోళము ఆతని సమాధిపై నేటికిని నిలిచియున్నవి.

బంకమట్టితో నెద్దులను జేయు పిల్లవానిని, తాటాకు బొమ్మలకు పెండ్లి చేయు పిల్లను చూచి, చదువు మాని యాటలేమని మనము గసరుచుందుము. ఆ యాటయే చదువని నమ్మి యొకడు జీవితమును ధారవోసెను. ఈ రజతోత్సవ వత్సరమున మన గ్రంథాలయమునందు పుస్తకముల బీరువా చెంత పసివారికై నాలుగు కొయ్యముక్కలును, గుప్పెడు మట్టియు నుంచుటకు చోటు దొరకునేని, అదియే యా మహనీయునకు మన మర్పింపగల కానుక.