ఉద్యాననగర నిర్మాత ఎబినీజర్ హోవర్డు

లండను నగరమున ఒక మిఠాయి వర్తకుని కుమారుడుగా ఎబినీజర్ హోవర్డు 1850వ సంవత్సరము జనవరి 29వ తేదీన జన్మించెను. ఆతడు వాస్తుశిల్పి కాడు, ఇంజనీరును కాడు, పదునైదవ యేట బడి విడిచి గుమాస్తాగిరిలో చేరిన సామాన్యుడు. అయినను నగరమున ఇండ్లు ఎచ్చట, ఎన్ని యుండవలెనను ప్రశ్నకు లోకము మరువని సమాధాన మొసగెను.

ఇరువదియొకటవ యేట అమెరికాకు పోయి నెబ్రాస్కాలో సేద్యము చేసెను, అది ఫలింపలేదు. చికాగోలో శీఘ్రలిపి లేఖకుడుగా పనిచేసి, 1876లో స్వదేశమునకు మరలెను. పార్లమెంటు ప్రసంగములను వ్రాసికొను వృత్తియే ఆతనికి జీవనాధార మయ్యెను. ఆ కాలమున పల్లె జనము పనికై నగరములకు తరలుచుండెను. లండనులో పేదకుటుంబము లనేకము ఒంటిగదులలో తలదాచుకొనుచుండెను.

1898లో హోవర్డు ఒక చిన్న గ్రంథమును ప్రకటించి, అందు ఒక నమూనాను చూపెను. మొత్తము భూమి 6,000 ఎకరములు, జనసంఖ్య 32,000. నడుమ 1,000 ఎకరములలో వలయాకారపు పట్టణము. దాని కేంద్రమున తోట, చుట్టును పౌరభవనములు, అటుపై ఇండ్ల వరుసలు, అంచున కర్మాగారములు, వాని కావల పొలములు. ఇండ్ల నడుమ 420 అడుగుల వెడల్పుగల పచ్చని వీథి, పాఠశాలలు అందే. ఏ యింటికిని ఆ వీథి 240 గజములకు మించి దూరము కాదు. జనము హద్దు మీరినచో, ఉన్న పట్టణమును పెంచక, పొలముల కావల మరియొకటి కట్టవలెను. భూమి పౌరుల పక్షమున ధర్మకర్తల యధీనమున నుండును. పెరిగిన భూమి విలువ పట్టణమునకే చెందును. ఇది నమూనా మాత్రమే యనియు, అసలు పటము నేలను బట్టి యుండుననియు ఆతడే తెలిపెను.

కలలు గనువాడని కొందరు పరిహసించిరి. అయినను 1903లో లెచ్‌వర్తు పట్టణ నిర్మాణ మారంభమయ్యెను. దాని పటమును రేమండ్ అన్విన్, బారీ పార్కరు గీసిరి. కాని అచ్చటి యిండ్ల అద్దె నిరుపేద కూలివానికి అందలేదు. 150 పౌనులతో కట్టదగిన కుటీరములకై 1905లో ప్రదర్శనము జరిపిరి. అయినను ఆ కొరత పూర్తిగా తీరలేదు.

1919లో, చేత తగిన ధనము లేకున్నను, మిత్రులకడ అప్పు తెచ్చి వేలములో భూమి కొని, హోవర్డు వెల్విన్ పట్టణమునకు నాంది పలికెను. 1927లో సర్ బిరుదమును పొంది, 1928 మే 1వ తేదీన ఆ పట్టణముననే కన్నుమూసెను. జీవితమంతయు ఆతడు ధనికుడు కాలేదు. లెచ్‌వర్తు భూముల రాబడి మాత్రము నేటికిని ఆ పట్టణ ప్రజల మేలుకే వినియోగ మగుచున్నది.