గాలికి నంబరు వేసినాయన

2025 జనవరి 23 రాత్రి మా పెద్దమ్మ కూతురు గాల్వే నుంచి వీడియో కాల్ చేసింది. అక్క అక్కడ ఎం.ఎస్. చదువుతోంది. తెల్లారేసరికి ఎయోవిన్ అనే తుఫాను ఐర్లాండ్ మీదకి వస్తోందని దేశమంతటికీ రెడ్ వార్నింగ్ ఇచ్చారు. అక్క వాళ్ల రూమ్‌లో క్యాండిల్స్, బ్రెడ్, ఫుల్ ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకులు వరసగా పెట్టుకున్నారు. పక్కింటి తాతగారికి వాతావరణం అంటే పిచ్చట. గంటకోసారి గోడ మీది బేరోమీటర్‌ని వేలితో తట్టి, ముల్లు ఇంకా కిందకి దిగుతోందని వచ్చి చెప్పి వెళ్తున్నారట.

గాలి ఎంత ఉందక్కా అని అడిగాను. చాలా ఉంది అంది. చాలా అంటే ఎంత అంటే, చాలా అంటే చాలా, అంతే అంది. మర్నాడు ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పదింటికి కూడా స్విచాఫ్. పెద్దమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంది. నేను ఏం చేయాలో తెలియక ల్యాప్‌టాప్‌లో గాలి లెక్కలు వెతుకుతూ కూర్చున్నాను. అలా దొరికిన పేరు ఫ్రాన్సిస్ బోఫోర్ట్.

ఈయన 1774లో ఐర్లాండ్‌లోనే, మీత్ కౌంటీలోని నావన్ ఊళ్లో పుట్టాడు. తండ్రి డేనియల్ అగస్టస్ బోఫోర్ట్ చర్చి ఫాదర్, పైగా మ్యాపులంటే ప్రాణం. 1792లో ఐర్లాండ్ మ్యాపు ఒకటి అచ్చు వేయించాడు. కొడుకు మాత్రం పద్నాలుగేళ్లకే బడి వదిలేసి ఓడెక్కాడు. ఈస్టిండియా కంపెనీ ఓడ వాన్సిటార్ట్‌లో తూర్పు సముద్రాలకి వెళ్తే, 1789లో సుమత్రా దగ్గర ఆ ఓడ పగిలిపోయింది. అప్పటికి ఆయనకి పదిహేనేళ్లు. సముద్రం మ్యాపు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో పుస్తకంలో చదివి కాదు, నీళ్లలో పడి తెలుసుకున్నాడు. మరుసటి ఏడాదే బ్రిటిష్ నేవీలో చేరాడు. దాదాపు అప్పట్నుంచే రోజూ వాతావరణం గురించి డైరీలో రాయడం మొదలుపెట్టి, చనిపోయేదాకా ఆ అలవాటు వదల్లేదు.

1800లో స్పెయిన్ తీరంలో శత్రువు ఓడని పట్టుకునే గొడవలో కత్తి దెబ్బలు, తుపాకీ గుళ్లు కలిపి పందొమ్మిది గాయాలయ్యాయి. బతకడమే గొప్ప. కోలుకోవడానికి ఐర్లాండ్ వచ్చాడు. కానీ ఖాళీగా కూర్చోలేదు. ఆయన అక్కాచెల్లెళ్లలో ఒకామెని రిచర్డ్ లోవెల్ ఎడ్జ్‌వర్త్ అనే ఇంజనీరు పెళ్లి చేసుకున్నాడు. ఫ్రాన్స్ సైన్యం దాడి చేస్తుందన్న భయంతో డబ్లిన్ నుంచి గాల్వే వరకు సిగ్నల్ టవర్ల లైన్ వేసే పని ఎడ్జ్‌వర్త్‌ది. 1803, 1804లో బోఫోర్ట్ ఆ పనిలో బావగారికి తోడు నిలిచాడు. ఒక టవర్ మీద గుర్తు చూపిస్తే దూరంగా ఉన్న ఇంకో టవర్ వాళ్లు టెలిస్కోప్‌తో చూసి దాన్ని ముందుకి పంపాలి. మన నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పే రిలే లాంటిదే, కాకపోతే కేబుల్ ఉండదు. అక్క కోసం నేను ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్న గాల్వేకి రెండొందల ఏళ్ల కిందటే మెసేజ్‌లు పంపాలని చూసినవాడు ఈయనేనా అనిపించింది.

తర్వాత ఆయనకి వుల్విచ్ అనే ఓడ ఇచ్చారు. అది యుద్ధం చేసేది కాదు, సామాన్లు మోసేది. అన్ని గాయాలు తిన్న మనిషికి అది అవమానంగా అనిపించింది. ఆ ఓడ మీద ఉన్నప్పుడే, 1806 జనవరి 13న, డైరీలో గాలికి 0 నుంచి 13 వరకు నంబర్లు రాసుకున్నాడు. తర్వాత దాన్ని 12కి కుదించాడు.

నిజం చెప్పాలంటే గాలిని మెట్లుగా విడగొట్టడం ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. అంతకుముందే స్మీటన్, డాల్రింపుల్ లాంటివాళ్లు చేశారు. కష్టం ఎక్కడంటే, ఒక కెప్టెన్‌కి పెనుగాలి అనిపించింది ఇంకో కెప్టెన్‌కి మామూలు గాలి. అక్క చెప్పిన చాలా లాంటిదే ఇదీ. బోఫోర్ట్ ఏం చేశాడంటే, గాలి ఎలా అనిపించింది అన్నది పక్కన పెట్టి, గాలి ఓడని ఏం చేస్తోంది అన్నది చూడమన్నాడు. మెల్లటి గాలికి ఓడ ఎంత వేగంతో కదులుతుంది, గట్టి గాలికి ఏయే తెరచాపలు దించేయాలి, ఇదే కొలత. ఏ తెరచాపా తట్టుకోలేని గాలి వస్తే అది 12. నేవీ ఓడలన్నీ ఇంచుమించు ఒకేలా ఉండేవి కాబట్టి ఎవరు చూసినా అదే నంబరు వస్తుంది. పరికరం అక్కర్లేదు, ఓడే పరికరం.

1812లో టర్కీ తీరం సర్వే చేస్తూ మళ్లీ తూటా తిన్నాడు. సముద్రంలో ఆయన పని దాదాపు అక్కడితో అయిపోయింది. కానీ 1829లో నేవీ మ్యాపుల విభాగానికి అధిపతి అయ్యి, 26 ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నాడు. 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తనతో రావడానికి సైన్సు తెలిసిన మనిషి కావాలని అడిగితే, బోఫోర్ట్ కేంబ్రిడ్జ్‌లో వాకబు చేయించాడు. అలా దొరికిన కుర్రాడు చార్లెస్ డార్విన్. గాలి నంబర్లని అధికారికంగా మొదట వాడిన ప్రయాణం కూడా బీగిల్‌దే.

1838లో నేవీ మొత్తం ఆ స్కేలుని తీసుకుంది. మరుసటి జనవరి 6 రాత్రి ఐర్లాండ్ మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. వందల మంది చనిపోయారు. ఆ దేశంలో దాన్ని ఇప్పటికీ పెద్ద గాలి రాత్రి అనే పిలుస్తారు. డెబ్బై ఏళ్ల తర్వాత, 1909లో వృద్ధాప్య పెన్షన్లు మొదలైనప్పుడు, పుట్టిన తేదీ కాగితం లేని ముసలివాళ్లు ఆ రాత్రి తమకి గుర్తుందని చెప్పి వయసు రుజువు చేసుకున్నారట. బోఫోర్ట్ దగ్గర గాలిని కొలిచే పద్ధతి ఉంది. కానీ గాలి కంటే ముందు పరిగెత్తే కబురు లేదు. తన సొంత దేశానికి ఆయన ఏ హెచ్చరికా పంపలేకపోయాడు.

ఇంకో సంగతి చూసి నేను కుర్చీలోంచి లేచాను. మన క్రిప్టోగ్రఫీ ల్యాబ్‌లో చేసిన బోఫోర్ట్ సైఫర్ కూడా ఈయన పేరు మీదే ఉంది! కీలోంచి అక్షరాన్ని తీసేస్తాం చూడండి, ఎన్‌క్రిప్ట్‌కి, డీక్రిప్ట్‌కి ఒకటే లెక్క, అదే. ఆయన పోయాక అది అచ్చయింది. ఆయన డైరీల్లో కూడా కొన్ని చోట్ల రహస్య లిపి ఉంది. భార్య పోయిన తర్వాతి కాలంలో ఇంట్లో దాచుకున్న, తనని తానే తిట్టుకున్న విషయాలు అందులో ఉన్నాయని, తర్వాతి చరిత్రకారులు దాన్ని విప్పి చదివి రాశారు. గాలి సంగతి అందరికీ ఒకేలా అర్థం కావాలని తపించిన మనిషి, తన సంగతి మాత్రం ఎవరికీ అర్థం కాకూడదనుకున్నాడు. ఇది తెలిశాక ఆయన నాకు విగ్రహంలా కాకుండా మనిషిలా కనిపించాడు.

1857లో బోఫోర్ట్ చనిపోయాడు. 1860లో ఐర్లాండ్ పడమటి కొసన ఉన్న వాలెన్షియా నుంచి వాతావరణం కబురు టెలిగ్రాఫ్‌లో లండన్‌కి వెళ్లడం మొదలైంది. మరుసటి ఏడాది ఓడలకి తుఫాను హెచ్చరికలు వచ్చాయి. వాటిని మొదలుపెట్టింది ఎవరో కాదు, బీగిల్ కెప్టెన్ ఫిట్జ్‌రాయే. కొలత, కబురు అప్పటికి కలిశాయి.

ఎయోవిన్ గాలి గాల్వే తీరంలో గంటకి 180 కిలోమీటర్లు దాటి, 1945 నాటి రికార్డు బద్దలు కొట్టిందని వార్తల్లో చూశాం. పెద్దమ్మకి మాత్రం ఆ నంబరు చెప్పలేదు.

మూడో రోజు అక్క మెసేజ్ వచ్చింది. కరెంటు లేదు, టవర్ లేదు, అందరం బాగున్నాం అని. ఫోన్ కలిశాక మళ్లీ అదే ప్రశ్న అడిగాను, కాకపోతే ఈసారి గాలి ఎంత అనలేదు, గాలి ఏం చేసింది అన్నాను. వెనక పెరట్లో పెద్ద చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది, పక్కింటి తాతగారి పైకప్పు పలకలు ఊడి రోడ్డు మీద పడ్డాయి అంది. నేల మీద వాడుకోవడానికి తర్వాతివాళ్లు రాసిన బోఫోర్ట్ పట్టిక తెరిచి చూశాను. చెట్లు వేళ్లతో లేచిపోతే 10.

పది అక్కా అన్నాను. అక్క వెంటనే ఆ మాట తాతగారికి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదట, కనీసం పదకొండు ఉంటుందన్నారట.