బైలడిలా కొండలు – ప్రమథనాథ బోసుగారు

అరకు లోయగుండ విశాఖపట్టణమునకు దిగివచ్చు ఇనుపరాతి గూడ్సుబండ్లను మనలో పెక్కుమంది చూచియే యుందురు. ఆ రాయి బస్తరునందలి బైలడిలా కొండలది. ఎద్దు మూపురమును పోలియుండుటచే ఆ కొండలకు ఆ పేరు కలిగెను. బస్తరు అడవిజనులు ఇనుమును కరగించు విద్యను తరతరములుగా ఎరుగుదురు. అయినను బైలడిలా ఇనుమును 1899-1900 ప్రాంతమున ప్రభుత్వపు కాగితముల కెక్కించినవారు ప్రమథనాథ బోసుగారు. కాగితమున కెక్కిన ఆ రాయి కొండ దిగి ఓడ నెక్కుటకు దాదాపు డెబ్బది సంవత్సరములు పట్టెను. రాతిలో లోపమేమియు లేదు. అది మిక్కిలి శ్రేష్ఠమైన ఇనుపరాయి. ఆలస్యమునకు కారణములు కొండకు వెలుపల నుండెను. బోసుగారి ఉద్యోగజీవితమునకును ఇట్టి గతియే పట్టినందున, ఈ రెండు కథలను కలిపి చెప్పుట సమంజసమని తోచినది.

వారు 1855 మే 12వ తేదీన వంగదేశమున గోబర్‌డాంగాకు సమీపమునగల గైపూరు గ్రామమున జన్మించిరి. గిల్‌క్రైస్టు విద్యార్థివేతనము లభింపగా 1874లో లండనునకు వెళ్ళి, అచటి విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్ర పట్టమును పొంది, రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోను చదువు ముగించుకొనిరి. 1880లో భారత భూగర్భ పరిశోధనశాఖలో అసిస్టెంటు సూపరింటెండెంటుగా నియుక్తులైరి. ఆ శాఖలో అట్టి హోదా ఒక భారతీయునకు దక్కుట అదియే మొదలు. ఆర్థికచరిత్రకారులుగా ప్రసిద్ధులైన రమేశచంద్ర దత్తుగారి కుమార్తెను వివాహమాడిరి.

1887లో రాయపూరు జిల్లా పడమటి భాగమునందలి ఇనుప పరిశ్రమను గూర్చి వారొక వ్యాసమును ప్రకటించిరి. దల్లీ-రాజహరా కొండల ఇనుము ఆ విధముగ లోకమునకు తెలిసెను. బోసుగారు తిరిగిన ఆ సీమలలో మట్టికొలిమి గట్టి, కట్టెబొగ్గుతో రాతిని కరగించి, నాగటికర్రులకు వలసిన ఇనుమును తీయు కుటుంబము లెన్నియో యుండెను. అదియు నొక యంత్రవ్యాపారమే, చిన్నదైననేమి! వారి పనితనమున కొరతలేదు. కాని రైలువెంట సీమ ఇనుము చవుకగా సంతల కెక్కెను; అడవులను ప్రభుత్వము తన కట్టుబాటులోనికి తీసికొనుటచే బొగ్గు కాల్చుట దుర్లభ మయ్యెను. ఆ కొలిమి లొక్కొక్కటిగా చల్లారినవి.

ఇక బస్తరు సంస్థానముమాట. ఆ నాడు అచటికి రైలు లేదు. కొండమీది రాతిని రైలువరకు చేర్చుటకే నూర్లకొలది మైళ్ళు అడవిదారిన బండ్లు తోలవలెను. ఊదుకొలిమికి కోకు కావలెను. గోదావరీతీరపు సింగరేణి బొగ్గు రైలింజనులకు చక్కగా పనికివచ్చునుగాని, అట్టి కోకు దానినుండి రాదు. ఝరియా బొగ్గు బహుదూరము. ఇట్టి స్థితిలో బైలడిలా ఇనుము పుస్తకమునందు నిలిచిపోయినదన్న ఆశ్చర్య మేమి?

చట్టములును వ్యాపారికి ప్రతికూలముగనే యుండెను. చాందా జిల్లా ఇనుమును గూర్చి ఒక జర్మను నిపుణుడు వ్రాసిన నివేదికను 1882లో చదివి, జంషెట్జీ టాటాగారు అచట కార్ఖానా పెట్టదలచిరి. గనుల నిబంధనలు మిక్కిలి కఠినములై యుండుటచే ఆ ప్రయత్నము సాగలేదు. 1899లో కర్జనుప్రభువు కాలమున ఆ నిబంధనలు సడలింపబడినవి. పదునేడు సంవత్సరము లిట్లు వ్యర్థమయ్యెను.

బోసుగారి విషయమునకు వత్తము. 1903లో శాఖాధిపతి పదవి ఖాళీయయ్యెను. దానిని బోసుగారికంటె పది సంవత్సరములు వెనుక శాఖలో చేరిన హాలండు దొరగారికి ఇచ్చిరి. సర్వీసులో నున్న మనకు దీని బాధ వివరించి చెప్పనక్కరలేదు. హాలండుగారు సమర్థులు కారని ఎవరును అనలేదు. నల్లవా డొకడు ఆ కుర్చీలో కూర్చుండుట ఆ కాలపు దొరతనమునకు ఊహకు రాని మాట, అంతియే. బోసుగారు పదవికి రాజీనామా యిచ్చి, మయూరభంజి మహారాజుగారి కొలువున చేరిరి. గోరుమహిసానీ కొండలలో ఇనుమున్నదని అచటనే కనుగొని, 1904 ఫిబ్రవరి 24వ తేదీన టాటాగారికి లేఖ వ్రాసిరి. జంషెట్జీగారు ఆ మే నెలలోనే జర్మనీలో పరమపదించిరి. కార్యభారము కుమారుడు దొరాబ్జీగారిపై పడెను.

ఇచట నొక చిత్రము జరిగినది. చాందాలో నిరాశపడిన దొరాబ్జీగారు నాగపూరులో అధికారిని చూడబోయి, కాలక్షేపమునకై ఎదుటి మ్యూజియములోనికి వెళ్ళిరి. అచట గోడకున్న భూగర్భపటమున దుర్గు ప్రాంతము ఇనుపగుర్తుతో కనబడెను. ఆ పటము బోసుగారి వెనుకటి శ్రమఫలమే. అమెరికా నిపుణుడు వెల్డుతోకూడ దల్లీ-రాజహరా ఎక్కి చూడగా, కాలిక్రింద కొండ లోహమువలె ఖంగుమనెనట! అయినను తగిన బొగ్గు, నీరు, సున్నపురాయి దాపున లేనందున ఆ కొండను విడువవలసివచ్చెను. అప్పుడు బోసుగారి లేఖ పనికివచ్చెను. మయూరభంజిలో ఇనుము మేలైనది, కలకత్తాకును ఝరియా బొగ్గుకును దగ్గర; మహారాజుగారు అనుకూలమైన షరతులపై గను లిచ్చిరి. ప్రభుత్వము ఏటేట 20,000 టన్నుల రైలుపట్టాలను కొందునని మాట యిచ్చెను. లండను ధనికులు మొగము చాటువేయగా, స్వదేశీ ఉత్సాహమున మూలధనము 1907లో మూడు వారములలో స్వదేశముననే ప్రోగయ్యెను. 1912లో ఉక్కు తయారయ్యెను. ఒకే శాస్త్రజ్ఞుడు చూపిన మూడు కొండలలో ఒకటి మాత్రమే అప్పటికి కార్ఖానాకు దారితీసెను.

బస్తరులో ఆ మధ్య 1910లో భూంకాలు తిరుగుబాటు చెలరేగెను. అడవులను ప్రభుత్వ రక్షితములుగా చేయుట, వెట్టి, అధికారుల దౌర్జన్యము దానికి ముఖ్యకారణములు. గుండాధూరు నాయకత్వమున అడవిజనులు లేచి, సైన్యమువలన అణచబడిరి. నేలలోని సంపదకు లెక్క కట్టినవారు నేలపైని మనుష్యులను లెక్కింపకుండుట అప్పటి వాడుక.

బోసుగారు 1906లో బెంగాలు టెక్నికల్ ఇన్‌స్టిట్యూటునకు అధ్యక్షులై యువకులకు యంత్రవిద్యను నేర్పించిరి. నేటి జాదవపూరు విశ్వవిద్యాలయమునకు అది పూర్వరూపము. తరువాతి కాలమున వారి మనస్సు మారినది. 1916లో ప్రకటించిన గ్రంథమున పాశ్చాత్యుల పరిశ్రమనాగరకతను అనుకరించుట భ్రమయని వాదించిరి. ఇనుమును చూపినవారే ఇట్లు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకు మాత్రము, చల్లారిన మట్టికొలుములను కండ్లార చూచినవారికి ఆ సందేహము కలుగుట సహజమే ననిపించును. 1934లో రాంచీలో వారు దివంగతులైరి.

దల్లీ-రాజహరా ఇనుము 1959లో భిలాయి ఊదుకొలిమిని చేరెను. జపానుతో 1960లో జరిగిన ఒప్పందమువలన కొత్తవలస-కిరండూలు రైలుమార్గము వేయబడి, 1968లో బైలడిలా గని పనిచేయ నారంభించెను. 2005లో టాటాసంస్థవారు బస్తరునందు లోహండీగూడలో ఉక్కుకర్మాగారమునకు ఒప్పందము చేసికొనిరి. పది గ్రామముల భూములు తీసికొనబడినవి. ఆదివాసుల ప్రతిఘటనవలనను జాప్యమువలనను సంస్థ 2016లో వెనుదిరిగెను. 2019లో ఆ భూములను రైతులకు తిరిగి యిచ్చిరి. జగ్దల్‌పూరు దాపునగల నగర్నారున జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ నిర్మించిన ఊదుకొలిమినుండి 2023 ఆగస్టులో మొదటి ఇనుము వెలువడెను.